వలస వ్యాపారంపై బ్రిటిష్ చట్టాలు: ఒక్కటే తీసుకోవాలంటే ఏది?

ఎం.ఏ. హిస్టరీలో సెమినార్ పేపర్ రాయాల్సినవాళ్లు, సివిల్స్‌కు హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు, అమెరికాలో చదివే పిల్లల స్కూల్ ప్రాజెక్టుకు సాయం చేస్తున్న తల్లిదండ్రులు అందరూ ఒకే చోట ఆగిపోతారు. అమెరికా వలసల వ్యాపారం మీద, సుంకాల మీద బ్రిటిష్ పార్లమెంటు 1651 నుంచి 1773 దాకా వరసపెట్టి చట్టాలు చేసింది. అన్నిటినీ ముట్టుకుంటే ఏ ఒక్కటీ లోతుగా రాదు. ఒకటి ఎంచుకోక తప్పదు. అప్పుడు చాలామంది చెయ్యి నేరుగా 1773 టీ చట్టం మీద పడుతుంది. వలసవాళ్లు ఓడల్లోని టీని బోస్టన్ రేవు నీళ్లలో పారబోసిన బోస్టన్ టీ పార్టీ కథ ఎలాగూ తెలిసిందే కదా అని.

నేనైతే 1764 షుగర్ చట్టం తీసుకోమంటాను. పేరు అంతగా వినపడదు, కథలో నాటకీయత తక్కువ. కానీ బ్రిటన్ తన వలసల్ని చూసే తీరు ఎక్కడ మారిందో దానిలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. అయితే అందరి అవసరం ఒకటి కాదు. ఎవరికి ఏది సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో కింద రాశాను.

ముందు పక్కన పెట్టాల్సినవి

1765 స్టాంపు చట్టాన్ని మొదటే తీసేయండి. గొడవ పెద్దదే, కానీ అది కస్టమ్స్ చట్టం కాదు. రేవులో దిగే సరుకు మీద వేసిన సుంకం కాదది. వలసల లోపల వాడుకునే దస్తావేజులు, లైసెన్సులు, వార్తాపత్రికలు, చివరికి పేకముక్కల మీద కూడా వేసిన పన్ను. పేక కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు. 1766 మార్చిలో రద్దయింది. వ్యాపార చట్టాల పేపర్లో దీన్ని పోలిక కోసం ఒక పేరాలో వాడుకుంటే చాలు.

మనవాళ్లు తరచుగా చేర్చేది ఇంకొకటి ఉంది: 1896లో మన దేశంలో నూలు బట్టల మీద వచ్చిన సుంకాలు. దిగుమతి బట్ట మీద మూడున్నర శాతం వేసి, అంతే శాతం ఎక్సైజు మన మిల్లుల బట్ట మీద కూడా వేశారు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల ఒత్తిడితో జరిగిన అన్యాయం అది. కానీ ఆ చట్టం చేసింది ఇక్కడి భారత ప్రభుత్వం, లండన్‌లోని పార్లమెంటు కాదు. మీ టైటిల్లో ‘పార్లమెంటు చట్టాలు’ అని ఉంటే గైడు మొదట పట్టుకునే తప్పు ఇదే అవుతుంది.

మిగిలిన ప్రతి చట్టాన్నీ ఒకే ప్రశ్న అడగండి. ఈ సుంకం సరుకును ఒక దారిలోకి మళ్లించడానికి వేశారా, ఖజానాలోకి డబ్బు రాబట్టడానికి వేశారా? మళ్లించడానికి వేసిన సుంకం నిజంగా పనిచేస్తే పైసా కూడా వసూలు కాదు, ఎందుకంటే ఆ సరుకు రావడమే ఆగిపోతుంది. డబ్బు కోసం వేసిన సుంకం పనిచేయాలంటే ఆ సరుకు వస్తూనే ఉండాలి. ఈ తేడా పట్టుబడితే వందేళ్ల చట్టాలు వాటంతట అవే రెండు కుప్పలుగా విడిపోతాయి.

నావిగేషన్ చట్టాలు: ఓపిక, టైము ఉన్నవాళ్లకు

1651 నాటి మొదటి చట్టం ఇంగ్లండ్‌లో రాజు లేని కాలంలో వచ్చింది. గురి డచ్చి ఓడల మీద. మరుసటి ఏడాదే డచ్చివాళ్లతో యుద్ధం మొదలైంది. రెండో చార్లెస్ తిరిగొచ్చాక 1660లో దాన్నే గట్టిగా తిరగరాశారు. వలసలకు వచ్చే సరుకూ, అక్కడి నుంచి పోయే సరుకూ ఇంగ్లీషు ఓడల్లోనే నడవాలి. ఓడ నడిపే కెప్టెన్, సిబ్బందిలో నాలుగింట మూడు వంతుల మంది ఇంగ్లీషువాళ్లే ఉండాలి. చక్కెర, పొగాకు, పత్తి, నీలిమందు, అల్లం, రంగు తీసే కలప అనే ఒక జాబితా పెట్టి, ఇవి ఇంగ్లండ్‌కో లేదా మరో ఇంగ్లీషు వలసకో తప్ప ఎక్కడికీ పోకూడదన్నారు.

1663 చట్టం అవతలి తలుపు మూసింది. యూరప్ నుంచి వలసలకు పోయే సరుకు ముందు ఇంగ్లండ్‌లో దిగి, అక్కడ మళ్లీ ఓడెక్కాలి. చేపల పనికి కావాల్సిన ఉప్పు, మదీరా వైన్ లాంటి కొన్నిటికే మినహాయింపు. 1673లో ఒక వలస నుంచి ఇంకో వలసకు పోయే జాబితా సరుకు మీద సుంకం పెట్టారు, పొగాకుకు పౌను బరువుకు ఒక పెన్నీ. 1696 చట్టంతో అమెరికాలోని కస్టమ్స్ అధికారులకు ఇంగ్లండ్‌లో ఉన్నన్ని అధికారాలు వచ్చాయి. సముద్ర వ్యాపార కేసులు విచారించే, జ్యూరీ లేని వైస్ అడ్మిరల్టీ కోర్టులు కూడా ఆ తర్వాతే నిలదొక్కుకున్నాయి.

ఎకనామిక్స్ మీద పట్టు ఉన్నవాళ్లకు ఇది మంచి గని. దీన్ని ఒట్టి దోపిడీ అని రాసేస్తే మాత్రం పేపరు పలచబడిపోతుంది. వర్జీనియా పొగాకు ఇంగ్లండ్‌కే పోవాలన్న చట్టానికి జోడీగా, ఇంగ్లండ్‌లో పొగాకు పండించడాన్నే నిషేధించారు. మార్కెట్ మొత్తం వలసల చేతిలోకి వచ్చింది. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికాలోని ఈశాన్య వలసల్లో, కట్టిన ఓడలు కూడా ఇంగ్లీషు ఓడల లెక్కలోకే వస్తాయి కాబట్టి అక్కడి ఓడల వడ్రంగులకు చేతినిండా పని దొరికింది. మరోవైపు పొగాకు రైతుకు డచ్చివాడిచ్చే ధర పోయింది. లాభనష్టాలు రెండూ తూచి చూపించగలిగితేనే ఈ టాపిక్ పండుతుంది.

ఇబ్బంది దీని పొడవు. ఈ చట్టాలు 1849లో గానీ రద్దు కాలేదు. దాదాపు 200 ఏళ్లు, మధ్యలో లెక్కలేనన్ని సవరణలు. 20 పేజీల పేపర్లో ఇది ఇమడదు. తీసుకోవాలని ఉంటే 1660, 1663 రెండే పట్టుకుని, పొగాకు అనే ఒక్క సరుకు వెంట నడవండి.

మొలాసిస్ నుంచి షుగర్ చట్టం దాకా: నా ఓటు దీనికే

ముందు సరుకు సంగతి. చెరకు రసం కాచి చక్కెర తీశాక మిగిలే మడ్డే మొలాసిస్. న్యూ ఇంగ్లండ్ బట్టీల్లో దాన్ని రమ్ముగా మార్చేవాళ్లు. కరీబియన్‌లోని ఫ్రెంచి దీవుల్లో ఇది చాలా చౌక. ఫ్రాన్స్ తన బ్రాందీ వ్యాపారాన్ని కాపాడుకోవడానికి రమ్మును అడ్డుకోవడంతో అక్కడి తోటల యజమానులకు మొలాసిస్ అమ్ముకోవడం తప్ప దారి లేదు. బోస్టన్, న్యూపోర్ట్ ఓడలు చేపలు, కలప తీసుకెళ్లి దింపి, మొలాసిస్ పీపాలతో తిరిగొచ్చేవి.

బ్రిటిష్ దీవుల్లోని తోటల యజమానులకు ఇది కంటగింపైంది. లండన్‌లో వాళ్ల పలుకుబడి తక్కువేమీ కాదు. 1733లో మొలాసిస్ చట్టం వచ్చింది. విదేశీ మొలాసిస్ మీద గాలనుకు 6 పెన్నీల సుంకం. డబ్బు రాబట్టడానికి వేసిన రేటు కాదది. ఫ్రెంచి సరుకు అసలు దిగకుండా చేయడానికి వేసింది. పైన చెప్పిన మొదటి కుప్పకు దీనికన్నా మంచి ఉదాహరణ లేదు.

కానీ సరుకు రావడం ఆగలేదు. సుంకం కట్టడమే ఆగింది. కస్టమ్స్ అధికారుల చేతిలో ఎంతో కొంత పెట్టి పీపాలు దింపుకున్నారు, కొన్నిసార్లు బ్రిటిష్ దీవుల సరుకేనని దొంగ కాగితాలు చూపించారు. 30 ఏళ్లు ఇలాగే నడిచింది. రోడ్ ఐలండ్ వలస 1764 జనవరిలో రాసుకున్న విజ్ఞాపన దీనికి గట్టి సాక్ష్యం. తమకు ఏటా 14,000 పీపాలకు పైగా మొలాసిస్ వస్తుందని, అందులో బ్రిటిష్ దీవుల నుంచి వచ్చేది 2,500 పీపాలకు మించదని వాళ్లే రాశారు. చట్టం ప్రకారం చూస్తే మిగిలిందంతా దాదాపు దొంగ సరుకే. దాన్ని ఒక వలస తన చేత్తో కాగితం మీద పెట్టింది, దాచాల్సిన విషయం అని కూడా వాళ్లకు అనిపించలేదు.

ఇక్కడ బ్రిటన్ ప్రధాని జార్జ్ గ్రెన్‌విల్ రంగంలోకి వస్తాడు. ఫ్రెంచివాళ్లతో ఏడేళ్ల యుద్ధం ముగిసి బ్రిటన్ అప్పుల్లో ఉంది. అమెరికాలో సైన్యాన్ని ఉంచే ఖర్చు మీద పడింది. అమెరికా కస్టమ్స్ వసూళ్లు, వసూలు చేయడానికయ్యే ఖర్చులో నాలుగో వంతుకు కూడా రావడం లేదని 1763లో లండన్ ట్రెజరీ తేల్చింది. గ్రెన్‌విల్ సుంకాన్ని పెంచలేదు, సగానికి తగ్గించాడు. 6 పెన్నీలు 3 అయ్యాయి. ఈసారి మాత్రం నిజంగా వసూలు చేస్తామన్నాడు.

షుగర్ చట్టం పీఠికలోనే ఆ మాట ఉంది: అమెరికాను రక్షించే ఖర్చుల కోసం అమెరికాలోనే ఆదాయం రాబట్టడం న్యాయం, అవసరం అని. సుంకం తగ్గితే జనం ఎందుకు మండిపడ్డారని పిల్లలు అడుగుతారు. ఎవరూ కట్టని 6 పెన్నీల కన్నా కచ్చితంగా కట్టాల్సిన 3 పెన్నీలు బరువు. దానికి తోడు, తాము ఓటేసి పంపని పార్లమెంటు తమ జేబులో చెయ్యి పెడుతోందని ఆ పీఠికే ఒప్పుకుంది.

దీన్ని ఎంచుకునేవాళ్లు రేట్ల పట్టిక దగ్గరే ఆగిపోకండి. చట్టంలో అసలు పదును వెనక సెక్షన్లలో ఉంది. ఓడ కదిలే ముందు యజమాని బాండు రాసివ్వాలి, ఏ సరుకు ఎంత ఎక్కిందో ప్రతిదానికీ కాగితం ఉండాలి. సరుకు జప్తు చేస్తే, అది సక్రమమైనదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. జప్తుకు తగిన కారణం ఉందని జడ్జి ఒక ముక్క రాసిస్తే, కేసు ఓడిపోయినా అధికారి మీద నష్టపరిహారం దావా నడవదు. కేసు ఏ కోర్టులో నడపాలో ఎంచుకునే హక్కు కేసు పెట్టేవాడిదే. దూరాన హాలిఫాక్స్‌లో పెట్టిన కొత్త వైస్ అడ్మిరల్టీ కోర్టుకు కూడా లాగొచ్చు, అక్కడ జ్యూరీ ఉండదు. జప్తైన సొమ్ములో మూడో వంతు రాజుకు, మూడో వంతు గవర్నరుకు, మూడో వంతు పట్టుకున్నవాడికి. బోస్టన్ వర్తకుడి స్థానంలో నిలబడి ఈ సెక్షన్లు చదివితే అతని టెన్షన్ ఏమిటో అర్థమవుతుంది. పన్ను మాట అటుంచి, తన ఓడ ఎప్పుడు ఎవరి వాటాగా మారుతుందో అతనికి తెలియదు.

ఇంకో మెట్టు ఉంది. 1766లో ఈ సుంకాన్ని గాలనుకు ఒక్క పెన్నీకి దించారు, బ్రిటిష్ సరుకు మీదా విదేశీ సరుకు మీదా ఒకటే రేటు. డబ్బులు బాగా వసూలైంది అప్పుడే. కానీ రెండిటి మీదా ఒకే రేటు వేశాక బ్రిటిష్ తోటలకు రక్షణ అన్న మాట మిగల్లేదు, అది పూర్తిగా ఖజానాకు డబ్బు కోసం వేసిన పన్నే అయింది. ఒకే సరుకు, మూడు రేట్లు, 33 ఏళ్లు. 6 నుంచి 3, 3 నుంచి 1. ఈ మూడు అంకెల చుట్టూ ఒక పేపర్ మొత్తం కట్టొచ్చు.

టౌన్‌షెండ్ చట్టాలు: అధికార యంత్రాంగం మీద ఆసక్తి ఉంటేనే

1767లో బ్రిటన్ ఆర్థిక మంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేయించాడు. అదే ఏడాది సెప్టెంబరులో చనిపోయాడు, ఫలితాలు చూడలేదు. సరుకుల జాబితా గుర్తుపెట్టుకుంటే పరీక్షకు చాలు. చూడదగ్గది ఆ డబ్బు ఎటు పోయిందన్నది: గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు దాని నుంచే ఇవ్వాలనుకున్నారు. అంతదాకా చాలా వలసల్లో ఆ జీతాలు స్థానిక శాసనసభల చేతిలో ఉండేవి, గవర్నరును దారిలో పెట్టడానికి వాళ్లకున్న గట్టి పట్టు అదే. బోస్టన్‌లోనే కస్టమ్స్ కమిషనర్ల బోర్డు పెట్టడం, 1768లో అక్కడి వర్తకుడు జాన్ హాంకాక్ ఓడ ‘లిబర్టీ’ని పట్టుకోవడం, ఆ వెనకే సైన్యం దిగడం అన్నీ వరసగా వస్తాయి. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. మిగతావాళ్లకు చాలా దారాలు ఒకేసారి చిక్కుపడతాయి. 1770లో టీ మీద తప్ప మిగతా సుంకాలన్నీ ఎత్తేశారు.

టీ చట్టం: తెలిసిందే అనుకుంటే దెబ్బతింటారు

చేతిలో వారమే ఉన్నా, స్కూలు స్థాయి ప్రాజెక్టయినా ఇదే తీసుకోండి. మనుషులు, ఓడలు, తేదీలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. కాకపోతే మూడు చోట్ల జాగ్రత్త.

టీ చట్టం టీ మీద కొత్త పన్ను వేసిందని మన గైడు పుస్తకాల్లో కూడా చూశాను. అది తప్పు. పౌను బరువుకు 3 పెన్నీల సుంకం 1767 నుంచీ ఉన్నదే. 1773 చట్టం చేసింది వేరు. ఈస్టిండియా కంపెనీ లండన్ గోదాముల్లో కోటీ 70 లక్షల పౌన్ల దాకా టీ పేరుకుపోయింది. లండన్ వేలంతో పని లేకుండా, బ్రిటన్‌లో కట్టిన సుంకం మొత్తం వెనక్కి తీసుకుని, కంపెనీయే తన ఏజెంట్ల ద్వారా అమెరికాలో నేరుగా అమ్ముకునే వీలు కల్పించింది. టీ చౌకైంది. స్మగ్లర్ల వ్యాపారమూ, కంపెనీ ఏజెంట్లుగా ఎంపిక కాని వర్తకుల వ్యాపారమూ దెబ్బతినే పరిస్థితి వచ్చింది. చౌక టీ కోసం ఆ 3 పెన్నీలు కడితే పార్లమెంటు పన్ను హక్కును ఒప్పుకున్నట్టే అన్నది రాజకీయ వాదన.

అది ఇండియా టీ అనుకోవడం ఇంకో పొరపాటు. బోస్టన్ నీళ్లలో కలిసింది చైనా టీ. అస్సాం తోటలు వచ్చింది 19వ శతాబ్దంలో. ఇండియాకు సంబంధం లేదని మాత్రం కాదు, ఆ సంబంధం వేరే చోట ఉంది. 1770 బెంగాల్ కరువు, 1772 ఆర్థిక సంక్షోభం తర్వాత దివాలా అంచుకొచ్చిన కంపెనీని నిలబెట్టడానికి లార్డ్ నార్త్ ప్రభుత్వం 1773లో 14 లక్షల పౌండ్ల అప్పిచ్చింది. ఇండియాలో కంపెనీ పాలన మీద పార్లమెంటు అదుపు పెట్టిన, మనం ఇంటర్ నుంచీ చదువుకుంటున్న రెగ్యులేటింగ్ చట్టం, ఈ టీ చట్టం ఒకే ఏడాది, ఒకే పార్లమెంటు, ఒకే జబ్బుకు రాసిన మందులు. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు రెగ్యులేటింగ్ చట్టం కంఠతా వచ్చే ఉంటుంది, దాని పక్కన టీ చట్టం పెట్టి రాస్తే జవాబుకు బరువొస్తుంది.

చివరిది, బోస్టన్ ఒక్కటే చూడకండి. అక్కడ గడియారంలా నడిచింది కస్టమ్స్ రూలే. ఓడ నమోదైన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే అధికారులు సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. ‘డార్ట్‌మత్’ ఓడకు ఆ గడువు 1773 డిసెంబర్ 17తో ముగుస్తుంది. సుంకం కట్టనిదే ఓడను వెనక్కి పంపేది లేదని మసాచుసెట్స్ గవర్నర్ హచిన్‌సన్ మొండికేశాడు. 16 రాత్రి మూడు ఓడల నుంచి 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి. ఆ తేదీ కేవలం ఆవేశంతో వచ్చింది కాదు. అదే చట్టం కింద చార్ల్‌స్టన్‌కు వెళ్లిన టీని గడువు దాటాక అధికారులు దింపి భవనం అడుగున దాచారు. ఫిలడెల్ఫియాకు వెళ్లిన ఓడ సరుకుతో సహా వెనక్కి మళ్లింది. ఒకే చట్టం, మూడు రేవులు, మూడు ఫలితాలు. ఈ పోలిక చేసేవాళ్లు తక్కువ, చేస్తే మీ పేపరు వేరుగా కనిపిస్తుంది.

కాలికో చట్టాలు: మన తీరం కావాలనుకునేవాళ్లకు

అమెరికా వద్దు, మన నేలతో ముడిపడ్డది కావాలంటే ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ 1611లో నిజాంపట్నం, మచిలీపట్నం తీరానికి వచ్చింది బట్టల కోసమే. కృష్ణా తీరపు అద్దకాలకు, చిరివేరుతో వచ్చే ఆ ఎరుపుకు అప్పటికే దూరదేశాల్లో గిరాకీ ఉంది. ఆ శతాబ్దం చివరికి లండన్‌లో రంగు అద్దకాల మోజు ఎంత పెరిగిందంటే ఉన్ని, పట్టు నేతగాళ్లు పార్లమెంటు మీద పడ్డారు. 1700 చట్టం ఇండియా, పర్షియా, చైనాల్లో అద్దిన, రంగులేసిన నూలు బట్టలను ఇంగ్లండ్‌లో కట్టుకోకూడదంది. గోదాములో ఉంచి మళ్లీ బయటికి, ఆఫ్రికాకో అమెరికా వలసలకో పంపుకోవచ్చు. తెల్లబట్ట తెచ్చి లండన్‌లో అద్దడం మొదలైంది. 1719లో నేతగాళ్లు వీధుల్లో కాలికో, అంటే ఈ నూలు బట్ట, కట్టిన ఆడవాళ్ల బట్టలు చింపేదాకా వెళ్లారు. 1721 చట్టం అక్కడ అద్దిన బట్టను కూడా నిషేధించింది. కట్టుకుంటే 5 పౌండ్లు, అమ్మితే 20 పౌండ్ల జరిమానా. మస్లిన్లకు, పూర్తిగా నీలిరంగు వేసిన బట్టకు మినహాయింపు ఇచ్చారు. 1774లో పరిమితి సడలించినా అది బ్రిటన్‌లో తయారైన బట్టకే.

నాకు మనసుకు దగ్గరైన టాపిక్ ఇది, అందుకే రెండు హెచ్చరికలు. 1700లో మచిలీపట్నం బ్రిటిష్ వలస కాదు, కంపెనీ అక్కడ ఒక వర్తకుడు మాత్రమే. కాబట్టి ‘వలస సుంకాలు’ అన్న టైటిల్ కింద దీన్ని పెట్టేటప్పుడు ఎందుకు పెట్టారో చెప్పాలి. అలాగే ఈ చట్టాలతో మన నేతగాళ్లు కుప్పకూలారని రాయకండి. మళ్లీ ఎగుమతి చేసుకునే దారి తెరిచే ఉంది, డచ్చివాళ్లూ ఫ్రెంచివాళ్లూ కొంటూనే ఉన్నారు. అసలు దెబ్బ యంత్రాల బట్టతో తర్వాత వచ్చింది.

మొదలుపెట్టే ముందు

ఏది ఎంచుకున్నా చట్టం అసలు పాఠం చదవండి, నెట్లో ఉచితంగానే దొరుకుతుంది. పాత బ్రిటిష్ చట్టాలను రాజు పాలనా సంవత్సరం, అధ్యాయం నంబరుతో వెతకాలి. 1660 నావిగేషన్ చట్టం రెండో చార్లెస్ 12వ ఏడు, అధ్యాయం 18. మొలాసిస్ చట్టం రెండో జార్జ్ 6వ ఏడు, అధ్యాయం 13. షుగర్ చట్టం మూడో జార్జ్ 4వ ఏడు, అధ్యాయం 15. టీ చట్టం మూడో జార్జ్ 13వ ఏడు, అధ్యాయం 44. లెక్కలకు 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు అని గుర్తుంచుకోండి. తెలుగులో డబ్బు పౌండు, బరువు పౌను కలిసిపోయి అంకెలు తారుమారవుతాయి, రాసేటప్పుడే విడదీసి రాయండి. ఒకే చట్టానికి రెండు పుస్తకాల్లో రెండు సంవత్సరాలు కనిపిస్తే కంగారు పడొద్దు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి నుంచి మార్చి మధ్య జరిగినవి ఒక ఏడు వెనక్కి నమోదై ఉంటాయి. మీ పేపర్లో ఏ పద్ధతి వాడుతున్నారో మొదటి పేజీలోనే ఒక వాక్యం రాసేయండి.